ఒక్కసారే వేసినాను

సింగడి చెవి చల్లగా ఉంటే రక్తం రాదు. వేణ్ణీళ్ళలో ముంచి పిండిన దూదిని కాసేపు చెవికి ఆనించి, తుడిచి, అంచున కొంచెం వ్యాజిలిన్ రాయాలి. అప్పుడు గుచ్చితే రక్తం వెంట్రుకల్లోకి పాకిపోకుండా చుక్కగా నిలబడుతుంది. ఆ చుక్కకు మీటరు పట్టీ చివర తగిలిస్తే అదే పీల్చుకుంటుంది. ఇదంతా వంటింటి బండ మీద, పక్కన పప్పు ఉడుకుతూ ఉండగా, వాడు ఉడికించిన కోడిముక్కలు తింటూ ఉండగా చేసేస్తాను. నోటికి పని ఉన్నంతసేపూ ఆ పిల్లికి చెవి ఉన్న సంగతే గుర్తుండదు. మా ఇంట్లో మగవాళ్ళందరూ అంతే. ఆ రోజు పొద్దున మీటరు నాలుగు వందలు దాటి చూపించింది. నేను సింగడి వైపు చూడలేదు, ఇంట్లో వాళ్ళ వైపు చూశాను.

ఉన్నది ఇద్దరే. మా అత్త బయమ్మ నడవలో కాళ్ళు చాపుకుని చెనిక్కాయలు వొలుస్తోంది. నా మొగుడు విష్ణువర్ధన్ అంగడికి తయారై అద్దం ముందు మీసం దువ్వుకుంటున్నాడు. అనంతపురంలో మాకు డ్రిప్పు పైపుల అంగడి ఉంది. ఇల్లు మాత్రం ఇక్కడ, బుక్కరాయసముద్రంలో.

"వీనికి ఎవరన్నా ఏమన్నా పెడ్తాండారా?" అన్నాను.

అత్త చేతులు ఆగాయి. "నాకేం తెలుసమ్మా. అన్నిటికీ బీగాలు వేసుకోని బీగంచెవులు నడుముకు చెక్కుకునేది నువ్వే గదా" అంది.

విష్ణు అద్దంలోంచే నవ్వాడు. "నాకేం పనిలేదనుకున్నావా, పిల్లికి గోరుముద్దలు పెట్టేదానికి? ఇంట్లో మనుషులను పొడిచింది చాలకపాయెనా, ఇప్పుడు దాన్ని పొడుస్తాండావు. బజార్లో నవ్వుతాండారు, పిల్లికి షుగరంట, సూదులంట అని."

నేను ఇన్సులిన్ సీసాను అరచేతుల మధ్య మెల్లగా దొర్లించి, సన్న సిరంజిలోకి తీసి, సింగడి భుజం మీది తోలు పైకెత్తి గుచ్చాను. "వేసినాను. ఒక్కసారే వేసినాను" అని పైకే అన్నాను. ఎప్పుడూ అలాగే అంటాను. విష్ణు దువ్వెన కింద పెట్టి, నా వైపు జాలిగా ఒక చూపు చూసి, మోటారుసైకిలు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ జాలిని మూడేళ్ళ నుంచి భరిస్తున్నాను.

మా మామ ఎర్రిస్వామికి షుగరు ముదిరి సూదులు మొదలైనప్పుడు, ఎవరు వెయ్యాలనే మాట ఇంట్లో పెద్దగా నడవలేదు. "పద్మ సైన్సు చదివింది గదా" అన్నాడు విష్ణు, అయిపోయింది. నేనప్పుడు అనంతపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో జీవశాస్త్రం చెప్పేదాన్ని. రెండు పూటలా సూది, కాలి పుండుకు కట్టు, వేళకు జొన్నరొట్టె, ఆ రొట్టెలోకి ఉప్పూ నూనే చూసి వండిన కూర. స్కూలుకు పోయి ఇవన్నీ చెయ్యడం కుదరదని రెండు నెలల్లో తేలింది. "ఉద్యోగం యాడికి పోతాది, ఎప్పుడన్నా చేసుకోవచ్చు" అంది అత్త. అది పోవలసిన చోటికి పోయింది. మామ చెడ్డవాడు కాదు గానీ, తీపి కనబడితే మాట మీద నిలబడే మనిషి కాదు. అందుకే బెల్లం డబ్బాకు బీగం వేశాను. "కోడలు నా నోరు కట్టేసింది" అని ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. విష్ణు మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు, తిన్నాక నాయన గదిలోకి పోయి, ఎండ పడుతుందని తలుపు దగ్గరికి వేసి, మంచం మీద కూర్చుని కాళ్ళు నొక్కేవాడు. కొడుకంటే అట్లుండల్ల అని వీధి వీధంతా అనేది. ఆ కాళ్ళ పుండును రోజూ కడిగే మనిషి గురించి వీధి ఏమీ అనలేదు.

నేనెంత కట్టుదిట్టం చేసినా మామ షుగరు దిగేది కాదు. "ఏం పెడుతున్నారమ్మా?" అని డాక్టరు నన్నే అడిగేవాడు. చెప్పేదాన్ని. నమ్మేవాడు కాదు. మందు పెంచి పంపేవాడు. అలా పెరిగీ పెరిగీ ఉన్న మందు మీద, ఒక జూన్ నెలలో, మొదటి వాన పడిన మరుసటి రోజు మామ పోయాడు. పొద్దున సూది వేసి రొట్టె పెట్టాను, మధ్యాహ్నం కూడా తిని పడుకున్నాడు. నేను మిద్దె మీద బట్టలు ఆరేసి దిగేసరికి పక్కంతా చెమటతో తడిసిపోయి ఉంది, పిలిస్తే పలకలేదు. ఆసుపత్రి చేరేసరికే అంతా అయిపోయింది. "షుగరు పూర్తిగా పడిపోయింది. ఇన్సులిన్ ఎవరు వేస్తారు?" అన్నాడు అక్కడి డాక్టరు. అందరూ నా వైపు తిరిగారు.

విష్ణు ఆ రోజు ఊళ్ళో లేడు, వజ్రకరూరు పోయాడు. మొదటి వానకు మట్టి కొట్టుకుపోయి చేలల్లో వజ్రాలు పైకి తేలుతాయని మావైపు ఎక్కడెక్కడి వాళ్ళో పోయి చాళ్ళ వెంట వంగి వెతుకుతుంటారు. విష్ణు కూడా ఏటా స్నేహితులతో పోతాడు, జేబునిండా గులకరాళ్ళు తెస్తాడు. ఆ సాయంత్రం వచ్చి నాయన శవం మీద పడి ఏడ్చాడు. తెల్లవారి అందరూ సర్దుకున్నాక నన్ను మిద్దె మీదికి పిలిచి, చాలా మెత్తగా అడిగాడు. "నిజం చెప్పు పద్మా. మర్చిపోయి రెండుసార్లు వేసినావా?"

"లేదు. ఒక్కసారే వేసినాను."

"సరేలే. నేనెవరికీ చెప్పను."

ఆ ఒక్కమాటతో నన్ను క్షమించేశాడు. చెయ్యని తప్పుకు క్షమ పొందిన మనిషి ఇక ఏ గొడవలోనూ గొంతెత్తలేదని నాకు తర్వాత తెలిసింది. అతను ఎవరికీ చెప్పలేదు గానీ అందరికీ తెలిసింది. ధర్మవరంలో ఉండే మా ఆడబిడ్డ ఐశ్వర్య ఆనాటి నుంచీ నా చేతి నీళ్ళు కూడా ముట్టదు. పుట్టింటికి వస్తూ నీళ్ళ బాటిల్ వెంట తెచ్చుకుంటుంది. నాకు ఒళ్ళు మండేది. కానీ అంతకంటే భయంకరమైన సంగతి ఇంకోటి ఉంది. రానురానూ నాకే అనుమానం వచ్చేది. పప్పు పొంగుతుంటే పరిగెత్తి, మళ్ళీ వచ్చి, ఇంకోసారి వేశానేమో? ఆ పొద్దును ఎన్నిసార్లు తిరగేసినా ఒకే సూది కనిపిస్తుంది. అయినా నమ్మకం కుదరదు. మా మీద పడిన అనుమానాన్ని చివరికి మేమే మోసుకుని తిరగడం ఆడవాళ్ళకు ఎవరు నేర్పారో గానీ బాగా నేర్పారు.

సింగడు మామ దివసాలనాడు వచ్చాడు. పదకొండో రోజు చనిపోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, మిద్దె మీద ఆకులో పెట్టి, కాకి ముట్టేదాకా ఎదురుచూశాం. ఒక్క కాకీ రాలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. ఆయన మనసులో ఏదో కొరత ఉండాది అని ఎవరో అన్నారు, కొన్ని తలలు నా వైపు తిరిగాయి. అంతలో పిట్టగోడ మీంచి ఒక ఎర్రటి గండుపిల్లి దూకి, నేరుగా ఆకు దగ్గరికి పోయి, పాయసం నాకడం మొదలుపెట్టింది. ఎవరో అదిలించబోతే అత్త చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు. ఆయప్పే" అంది. మొగుడి పేరు ఏనాడూ నోటితో అనని మనిషి, పిల్లిని కూడా ఆ రోజు నుంచి ఆయప్ప అనే పిలుస్తుంది. "మూఢనమ్మకాలు" అని విష్ణు విసుక్కున్నాడు. నేను సింగడు అని పేరు పెట్టి పాలు పోశాను. నన్ను ఏమీ అడగకుండా నా ఒళ్ళో పడుకున్న ప్రాణి ఆ ఇంట్లో అదొక్కటే.

ఈ వేసవిలో వాడు బానెడు నీళ్ళు తాగడం మొదలుపెట్టాడు. వెనక కాళ్ళు ఈడ్చేవాడు. అనంతపురం తీసుకుపోయి చూపిస్తే పశువుల డాక్టరు లహరి, చిన్నమ్మాయి, షుగరు అంది. నేను నవ్వానట. నవ్వుతారేంటి మేడం అని అడిగింది. మళ్ళీ ఫ్రిజ్ తలుపులో ఆ సీసా, మళ్ళీ ఆ సిరంజిలు. పెంపుడు పిల్లే కదా, వదిలేద్దామా అనుకున్నాను. వదిలేస్తే వీడు కూడా నా చేతిలోనే పోయినట్టు. నన్ను నేను నమ్ముకోవడానికి నాకు మిగిలిన దారి వీణ్ణి బతికించుకోవడమే అనిపించింది. అందుకే వేసిన ప్రతిసారీ పైకి చెప్పుకుంటాను, నా చెవులే నాకు సాక్ష్యం ఉండాలని.

కానీ సింగడి షుగరు కూడా దిగలేదు. ఒట్టి కోడిమాంసం తినే పిల్లికి నాలుగు వందలు ఎలా ఉంటుంది? మీటరును అనుమానించాను. కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్‌లో మందు చెడిందేమోనని కొత్త సీసా తెచ్చాను. పక్కింటివాళ్ళ పాలగిన్నెను అనుమానించాను. మధ్యాహ్నం భోజనం చేశాక విష్ణు ఇప్పుడు మామ గదిలో కునుకు తీస్తాడు. తలుపు దగ్గరికి వేసి ఉంటుంది. సింగడు కూడా లోపలే పడుకుంటాడు. ఒకరోజు పళ్ళెం కడుగుతుంటే లోపలి నుంచి సన్నగా, బుజ్జగిస్తున్నట్టు మాటలు వినిపించాయి. ఆ గొంతు అతను నాతో ఎప్పుడూ వాడలేదు. ఫోనులో ఎవరో ఉన్నారనుకుని రెండు రోజులు మనసు కుతకుతలాడింది. అదే అయితే ఎంత బాగుండేదో.

అందరికంటే ఎక్కువ అత్తను అనుమానించాను. ప్రతి అమావాస్యకూ ఆమె మామ పటం ముందు ఎడ పెడుతుంది. ఆకులో అన్నం, పప్పు, పెరుగు, చివర ఒక బెల్లం ముక్క. ఆ ముక్క కోసం నా దగ్గర బీగంచెవి అడిగి తీసుకుంటుంది. తర్వాత ఆకు పిల్లి ముందు పెడుతుంది. మొన్నటి అమావాస్యకు తలుపు చాటున నిలబడి చూశాను. నా వయసేమిటి, నేను చేస్తున్న పనేమిటి అని సిగ్గేసింది, అయినా కదల్లేదు. అత్త దణ్ణం పెట్టుకుని, ఆకు తీస్తూ, బెల్లం ముక్కను చటుక్కున తన నోట్లో వేసుకుంది. "నీకు పనికిరాదంటాది నీ కోడలు. నేను తింటాలే" అని పటానికి చెప్పింది. అన్నం పప్పు కూడా ఆవుకు తీసిపెట్టి, పిల్లికి ఒట్టి ఆకు నాకించింది. ఆ తర్వాత కూడా ఆమె మీద అనుమానం పూర్తిగా పోలేదు, నా బుద్ధి అలా తయారైంది.

నాలుగు వందలు దాటిన ఆ రోజు లహరి దగ్గరికి మళ్ళీ పోయాను. "ఇంట్లో ఎవరైనా ఏమైనా పెడుతున్నారా?" అంది. లేదన్నాను. "పిల్లులకు తీపి రుచి తెలీదు మేడం, దానికోసం వెతుక్కుని తినవు. పాలవాసన ఉందని ఎవరైనా పెడితే తింటాయి" అని, కొంచెం మందు పెంచింది. మెట్లు దిగుతుంటే మామ డాక్టరు గుర్తొచ్చాడు. ఈ దారిలో ఇదివరకు ఒకసారి నడిచాను.

ఆ వారమే మొదటి వాన పడింది. మబ్బు విడవకముందే విష్ణుకు వజ్రకరూరు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. పొద్దున్నే లేచి చిత్రాన్నం కలిపి డబ్బా కట్టిచ్చాను. "ఈసారి దొరికితే నీకే ముక్కుపుడక" అని నవ్వుతూ పోయాడు. సింగడికి తిండి పెట్టి, చెవి చూసి, సూది వేశాను. పైకి చెప్పుకున్నాను. అత్త నడవలోనే ఉంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక బట్టల బకెట్ ఎత్తుకుని మిద్దె మెట్ల దగ్గరికి పోయాను. అక్కడ ఆగిపోయాను. ఎందుకో తెలియదు, వెనక్కి తిరిగి వచ్చి చూశాను. సింగడు మామ గది గడపలో ఒక పక్కకు ఒరిగి ఉన్నాడు. లేవబోయి మళ్ళీ పడ్డాడు. నోటి నుంచి చొంగ, కళ్ళు పెద్దవి చేసి ఎటో చూస్తున్నాడు, ముందుకాలు కొట్టుకుంటోంది. మీటరులో అంకె రాలేదు, చూపించలేనంత తక్కువని అక్షరాలు వచ్చాయి.

నడుములో బీగంచెవి తీసి బెల్లం డబ్బా తెరిచాను. వేడినీళ్ళలో బెల్లం చిదిమి, ఆ పాకాన్ని వేలితో వాడి చిగుళ్ళకు రాశాను. పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పొయ్యకూడదు. రాయడం, చూడడం, మళ్ళీ రాయడం. అత్త వచ్చి నేల మీద కూలబడి పిల్లి తల ఒళ్ళో పెట్టుకుంది.

"ఆయప్పా, కండ్లు తెరువు. ఇంకోసారి పోవద్దు ఆయప్పా" అని ఏడుస్తోంది. "ఆపొద్దు గూడా ఇట్లే గదమ్మే. వాడు వజ్రకరూరు పోయినపొద్దే గదా. కోవా పెట్టేవాడు ఇంట్లో లేకపాయె, ఇట్లే పడిపోయినాడు."

నా వేలు సింగడి నోట్లోనే ఆగిపోయింది. "ఏం కోవా అత్తా?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కానీ మాట బయటికొచ్చేసింది.

"రోజూ మధ్యాన్నం తెస్తాండె, అంగీ జోబిలో పొట్లం కట్టుకోని. వాళ్ళ నాయనకు తలుపేసి పెడ్తాండె. ఇప్పుడు దీనికి పెడ్తాండాడు. నమ్మకం లేదంటాడు గానీ, లోపల దీన్ని నాయనా అనే పిలుస్తాడు."

"నీకు తెలుసా? అప్పట్నుంచే తెలుసా?"

"దివసాలు కాకముందే చెప్పినాడు. కోవా మాట యాడా ఎత్తొద్దుమా అని. జరిగిందేదో జరిగిపాయె అని."

"నన్నందరూ ఎట్ల చూసిరో చూసినావు గదత్తా. ఐశ్వర్య నా చేతి నీళ్ళు తాగకపోతే నువ్వే గదా చెంబు ఇంకోటి తెచ్చిచ్చింది."

అత్త తలెత్తలేదు. "వాడు కొడుకమ్మా. నాయనను వాడే చంపుకున్నాడంటే ఊర్లో తిరగగలడా? నీ మీదంటే, నువ్వు ఓర్చుకుంటావని."

ఓర్చుకుంటానని. చేతిలో బెల్లం పాకం ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ చెయ్యి ఏం చేసేదో నాకే తెలియదు. సింగడి చిగుళ్ళకు రాస్తూనే ఉన్నాను, నా కళ్ళలోంచి నీళ్ళు కారి వాడి చెవి మీద పడుతున్నాయి, నా బుర్ర మాత్రం ఎన్నడూ లేనంత తేటగా ఉంది. నేను రొట్టె కొలిచి పెడుతుంటే అతను కోవా పెట్టాడు. ఆ కోవాకు మందు పెరిగింది. కోవా లేని రోజున ఆ మందు మనిషిని తీసుకుపోయింది. మామను చంపాలని అతను అనుకోలేదు, ఆ మాత్రం నాకు తెలుసు. మంచి కొడుకు అనిపించుకోవాలనుకున్నాడు. తీపి పెట్టే చెయ్యి అతనిది, సూది పొడిచే చెయ్యి నాది. పిల్లికి తీపి రుచే తెలియదని లహరి చెప్పింది, మరి ఆ కోవా రుచి ఎవరికి? పెట్టినవాడికే. ఇవన్నీ క్షమించగలనేమో. కానీ మిద్దె మీద అంత మెత్తగా అడిగినప్పుడు అతనికి జవాబు తెలుసు. తెలిసే అడిగాడు. అతను ఆ ప్రశ్న నన్ను అడిగాడు కాబట్టే ఇంకెవరూ అతన్ని ఏమీ అడగలేదు.

సింగడు కళ్ళు ఆర్పాడు. నా వేలిని నాకాడు. మీటరులో అంకె వచ్చింది. లహరికి ఫోను చేస్తే ఈ సాయంత్రం సూది వద్దని, రేపటి నుంచి మందు బాగా తగ్గించి వెయ్యమని చెప్పింది.

సాయంత్రం విష్ణు మోకాళ్ళ దాకా బురదతో వచ్చాడు. చేతిరుమాలు విప్పి గులకరాళ్ళు బల్ల మీద పోశాడు. అప్పుడు చూశాడు, అత్త ఒళ్ళో నీరసంగా పడి ఉన్న సింగణ్ణి.

"ఏమైంది దీనికి?"

"షుగరు పడిపోయింది" అన్నాను.

అతని చెయ్యి జేబు మీదికి పోయింది. నా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, అదే మెత్తదనంతో అడిగాడు. "పద్మా, రెండుసార్లు వేసినావా?"

నేను నోరు తెరవకముందే అత్త మాట్లాడింది. "ఒక్కసారే వేసిందిరా. నేను చూసినా." పిల్లి వీపు మీద చెయ్యి తియ్యకుండా ఇంకో మాట కూడా అంది. "ఆపొద్దు గూడా ఒక్కసారే వేసింది."

ఆ మాట మూడేళ్ళు ఆలస్యంగా వచ్చింది. అయినా విన్నాను. విష్ణు ముఖంలో రంగు మారడం కూడా చూశాను. అతని జేబులోంచి పొట్లం నేనే బయటికి తీశాను. వెచ్చగా, మెత్తగా, నెయ్యి అంటిన కాగితం. దాన్ని ఫ్రిజ్ తలుపులో ఇన్సులిన్ సీసా పక్కన పెట్టాను.

"ఎల్లుండి మామ సంవత్సరీకం. ఐశ్వర్యా వాళ్ళూ అందరూ వస్తారు. ఎడలో ఈ కోవా నువ్వే పెట్టు, విష్ణూ. ఇదెందుకు పెడ్తాండావన్నా అని చెల్లెలు అడుగుతాది. చెప్పు. నువ్వు చెప్పలేకపోతే నేను చెప్తా."

"ఇప్పుడవన్నీ ఎందుకు పద్మా? జరిగిపోయిన..."

"స్కూల్లో అడిగినా. ఈ నెల నుంచి రమ్మన్నారు. రెండు పూటలా సూది వేసేది నేర్పిస్తా, నువ్వే వెయ్యాల. సైన్సు చదవకపోయినా వస్తాది."

స్కూల్లో ఇంకా అడగలేదు. అడుగుతాను.

మర్నాడు పొద్దున సింగడి చెవికి వేడి దూది ఆనించాను. విష్ణు రాత్రి నిద్రలేని కళ్ళతో వంటింటి గడపలో నిలబడి చూస్తున్నాడు. సీసా ఎలా దొర్లించాలో, తోలు ఎలా ఎత్తాలో చూపించి, సూది వేశాను. ఎప్పటిలా ఒక్కసారే వేసినానని అంటానేమోనని అతను ఎదురుచూశాడు. పైకి ఏమీ అనకుండా సిరంజికి మూత పెట్టి, పప్పు కలపడానికి పొయ్యి వైపు తిరిగాను.